రెండో బ్రేకు

నేను కారు నడపడం నేర్పిస్తాను. ముప్పై రెండేళ్లుగా అదే పని. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు రెండు వేల మంది పైనే ఉంటారు. వాళ్లలో ఒక్కరు కూడా నా కారుని గోడకి గుద్దలేదు. అందులో వాళ్ల గొప్పతనం ఏమీ లేదు లెండి. నేర్పే కారులో నేను కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పక్కవాడు స్టీరింగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటే, నా పాదం ఆ బ్రేకు మీద ఉంటుంది. అందుకే అందరూ నన్ను బ్రేకు మాస్టారంటారు. నాకు ముక్కు మీద కోపం కాబట్టి వెనకాల ఇంకా ఏమైనా అంటారేమో, ఇంతవరకూ నా చెవిన పడలేదు. పడిన రోజు వాళ్ల సంగతి చూస్తాను.

లైసెన్సు పరీక్ష అయి బయటికొచ్చినవాళ్లని "ఏమైంది?" అని అడుగుతాను. ఒకడు లారీ అడ్డొచ్చిందంటాడు, ఒకావిడ కళ్లలో ఎండ పడిందంటుంది. చాంతాడంత కథ మొదలుపెట్టారంటే తప్పినట్టే. పాసైనవాళ్లు మాత్రం "ఏమీ కాలేదండీ" అంటారు. మా పనిలో అంతకు మించిన శుభవార్త లేదు.

ఇంత అనుభవమున్న నన్ను ఇరవై రెండు కిలోల కుక్క ఒకటి నడివీధిలో నవ్వులపాలు చేసింది.

దాని పేరు పిడుగు. పేరు పెట్టింది మా ఆవిడ. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు ఒకటో తరగతి పిల్లలకి చదువు చెప్పి రిటైరైంది. రిటైరైన నెలకే "ఇల్లు మరీ నోరు మూసుకుని కూర్చుందండీ" అంటూ ఈ కుక్కపిల్లని చంకనేసుకొచ్చింది. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉంటుంది. కాళ్లలో స్ప్రింగులు పెట్టి పుట్టించారేమో అనిపిస్తుంది. రోజూ పొద్దున్నే దాన్ని తీసుకుని పోస్టాఫీసు మలుపు తిరిగి రొట్టెల దుకాణానికి వెళ్లేది. అక్కడ బల్ల మీద పాత టీచరమ్మలంతా కూర్చుని లోకంలో ఉన్నవాళ్లందరినీ ఏకిపారేసి, గంటన్నరకి ఇంటికి చేరేవాళ్లు. రొట్టె సంగతి సరే, ఆ గంటన్నర కబుర్లే ఆవిడకి రోజంతటికీ సరిపడా ఆహారం.

మూడు నెలల క్రితం పోస్టాఫీసు మెట్ల దగ్గర పిల్లి కనపడింది. పిడుగు దూకింది. తాడు చేతికి చుట్టుకుని ఉన్న మా ఆవిడ కూడా దూకక తప్పలేదు. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

కట్టు విప్పేశారు, ఎముక అతుక్కుంది. కానీ మా ఆవిడ గడప దాటడం మానేసింది. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ కూర్చునేది. రొట్టె నేనే తెచ్చేవాణ్ణి. తెచ్చిందాన్ని సగం తిని పక్కన పెట్టేది. టీచరమ్మలు ఫోను చేస్తే "రేపొస్తా" అనేది. పిడుగు ఆవిడ కాళ్ల దగ్గర పడుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి, మళ్లీ పడుకునేది.

మా అమ్మాయి ఎముకల వార్డులో నర్సు. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చింది.

"నాన్నా, ఈసారికి మణికట్టుతో పోయింది. మళ్లీ పడితే తుంటి. తుంటి విరిగినవాళ్లని నేను రోజూ చూస్తున్నా. అమ్మని ఆ మంచం మీద చూడటం నావల్ల కాదు" అంది. "మా వార్డులో పనిచేసే ఒకావిడకి ఊరి బయట ఇల్లుంది. పెద్ద దొడ్డి. పిడుగుని తీసుకుంటామన్నారు. బాగా చూసుకుంటారు."

మా ఆవిడ పిడుగు తల మీద చెయ్యి వేసి, "దీంతో వెళ్లాలంటే భయం. ఇది లేకపోతే ఎందుకెళ్లాలో తెలీదు" అంది.

ఆ మాటకి నా గుండె కలుక్కుమంది. వెంటనే కోపమొచ్చింది. నాకంతే, బాధ కూడా కోపం వేషం వేసుకునే వస్తుంది.

"రెండు వేల మందికి కారు నేర్పినవాణ్ణి, ఒక కుక్కకి నడక నేర్పలేనా? నాకు నెలాఖరు దాకా టైమివ్వు" అన్నాను.

మా అమ్మాయి నర్సు కదా, నోటిమాట నమ్మదు. "నెలాఖరు ఆదివారం వస్తా. అమ్మ ఒక్కతే దాన్ని పోస్టాఫీసు దాకా తీసుకెళ్లి వెనక్కి రావాలి. అది లాగకూడదు. లాగిందో, ఆ రోజే నాతో తీసుకెళ్లిపోతా" అంది. అంటే తాడో పేడో తేలడానికి ఇరవై ఆరు రోజులు.

నా పద్ధతిలో మొదలుపెట్టాను. తాడు పొట్టిగా చేతికి రెండు చుట్లు చుట్టి, బిగించి పట్టుకుని "నడూ!" అన్నాను. పిడుగు నడవలేదు, ఎగిరింది. నేను వెనక్కి గుంజాను, అది ముందుకి గుంజింది. మెడపట్టీ బిగిసి దగ్గుతూ కూడా లాగుతూనే ఉంది. నేను అరిచాను. నేను దానితో కలిసి మొరుగుతున్నాననుకుందేమో, అదింకా హుషారుగా మొరిగింది. చేపల దుకాణం ముందు నన్ను ఒక స్తంభం చుట్టూ తిప్పి కట్టేసింది. దుకాణం వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మాస్టారూ, బ్రేకు ఫెయిలైందా?" అన్నాడు. వీధంతా నవ్వింది.

ఇంటికొచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మా ఆవిడ కిటికీలోంచి అంతా చూసింది.

"మీరు దాన్ని నడిపిస్తున్నారా, అది మిమ్మల్ని నడిపిస్తోందా?"

"కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు పెద్దలు!"

"తోకని ఎవరు సరిచెయ్యమన్నారు మిమ్మల్ని? నడక చూడండి చాలు. అసలు ఆ అరుపులెందుకు? నేను క్లాసులో అరిస్తే పిల్లలు నాకంటే గట్టిగా అరిచేవాళ్లు. పాఠం మధ్యలో ఆపేసి ఊరికే నిలబడితే, టీచరెందుకు ఆగిందా అని వాళ్లే చూసేవాళ్లు. చూశాక మళ్లీ మొదలుపెట్టేదాన్ని."

"అవి పిల్లలు. ఇది పిడుగు."

"మీరు మా ఒకటో తరగతిని చూడలేదు."

మర్నాటి నుంచి నేను బడికి, అంటే నా డ్రైవింగు బడికి, వెళ్లిన తర్వాత ఆవిడ ఇంట్లోనే ఏదో చేస్తోందని నాకు తెలుసు. వంటింటి నుంచి వీధి తలుపు దాకా పదకొండు అడుగుల నడవా. జేబులో ఉడికించిన కోడిమాంసం ముక్కలు, చేతిలో వదులుగా తాడు. అది లాగితే ఆగడం, వెనక్కి తిరిగి మోకాలి దగ్గరికొస్తే ఒక ముక్క పెట్టి మళ్లీ కదలడం. పదకొండు అడుగులు నడవడానికి పావుగంట. ఒకరోజు మధ్యలో ఇంటికొచ్చి చూసి నవ్వాను. నడవాలో నడిస్తే నడకేంటి? అక్కడ పిల్లి వస్తుందా, సైకిలు వస్తుందా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం కదా నేను, ఆవిడ కుందేలుకి ఎన్ని కాళ్లో లెక్కపెట్టలేదు.

పైగా నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నేర్పే కారులో రెండు బ్రేకులున్నట్టు, నేర్చుకునే కుక్కకి రెండు తాళ్లెందుకు ఉండకూడదు? సంచులు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లి మెడపట్టీకి రెండో కొక్కెం కుట్టించాను. అతను సూది ఆపి ఒకసారి నా మొహంలోకి చూసి, మళ్లీ కుట్టాడు. ఒక తాడు మా ఆవిడ చేతిలో, ఒకటి నా చేతిలో.

"నువ్వు భయపడకు. నేనున్నాగా" అన్నాను.

మూడు నెలల తర్వాత మా ఆవిడ గడప దాటింది. పోస్టాఫీసు దాకా వెళ్లి వెనక్కొచ్చాం. పిడుగు లాగబోయినప్పుడల్లా నేను నా తాడు బిగించాను. ఆవిడ తాడు పూలదండలా వేలాడుతూనే ఉంది. అలా వారం రోజులు తిప్పాను. చేపల దుకాణం వాడు కూడా నోరెత్తలేదు. నేను మీసం మెలేశాను. మా ఆవిడ మొహంలో మాత్రం సంతోషం కనపడలేదు. అడిగితే "బాగానే ఉంది" అంది. ఆవిడ బాగానే ఉందంటే బాలేదని అర్థం, కానీ అది నాకు ముప్పై ఏళ్లుగా ఆలస్యంగానే అర్థమవుతుంది.

నెలాఖరు ఇంకా పదకొండు రోజులుందనగా, రొట్టెల దుకాణంలో పనిచేసే అమ్మాయి మూడోసారి పరీక్ష తప్పింది. అమ్మాయంటే చిన్నపిల్ల కాదు, ముప్పై అయిదేళ్ల మనిషి. దుకాణం వ్యానులో రొట్టెలు పంచే పని ఇస్తామన్నారట, లైసెన్సు కావాలి. నా పక్కన అద్దంలా నడుపుతుంది. పరీక్షలో గీత దాటి ఆగుతుంది.

"ఏమైంది?" అన్నాను మర్నాడు కారులో. లారీ కథ వస్తుందనుకున్నాను.

"మాస్టారూ, ఒకటి అడిగితే తిట్టరుగా?"

"తిడతాను. అడుగు."

"మీ పక్కన కారు ఆపుతున్నది నేను కాదు. మీరు. నేను తొక్కేలోపే నా కాలి కింద బ్రేకు దానంతటదే దిగిపోతుంది. ఎంత తొక్కితే ఎక్కడ ఆగుతుందో నాకెప్పుడూ తెలీలేదు. పరీక్షలో పక్కన కూర్చునే అధికారి కాలు పెట్టడు. అక్కడికెళ్లాక నాకు చేతకాదని తెలుస్తోంది."

తిట్టాను. ముప్పై రెండేళ్ల అనుభవం, రెండు వేల మంది, ఒక్క గోడ కూడా గుద్దలేదు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె ఓపిగ్గా విని, కారుని గోదాముల వెనక ఖాళీ స్థలంలోకి తిప్పింది.

"ఇక్కడ గుద్దడానికి ఏమీ లేదు. ఒక్కసారి కాళ్లు పైన పెట్టుకోండి మాస్టారూ."

"పైనంటే?"

"సీటు మీద."

చెబితే నవ్వుతారు. అరవై ఒకటో ఏట, నా కారులో, నా సీటులో, బూట్లు విప్పి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నేల మీద సున్నంతో గీత ఉంది. మొదటిసారి ఆమె బ్రేకు తొక్కితే నా నుదురు వెళ్లి ముందు అద్దానికి తగిలింది. రెండోసారి గీత దాటి మూడు గజాలు పోయాం. నా కుడికాలు కిందికి దిగాలని ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆరోసారి కారు గీతకి జానెడు ముందు మెత్తగా ఆగింది. ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి "నేనాపాను" అంది. పక్కన నేనున్నానన్న సంగతే మర్చిపోయింది.

నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నా కళ్ల ముందు కారు లేదు. పిడుగు ఉంది.

అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు సాయంత్రాలు దాన్ని తిప్పింది నేనే. మొదటి రోజు నుంచీ తాడు బిగించే పట్టాను. ఆ కుక్కకి తెలిసిన నడకంటే అదే, మెడ దగ్గర బిగువు, ఆ బిగువుకి ఎదురు లాగుడు. తనంతట తాను ఆగాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు, ఆపడానికి నేనున్నాను కదా. అలాంటి కుక్కని పొద్దున్నే మా ఆవిడ చేతిలో పెట్టి పంపాను, బ్రేకులేని బండి ఇచ్చి పంపినట్టు. ఆ పిల్లి తప్పు కాదు, కుక్క తప్పు కాదు. ఆవిడ చెయ్యి విరగ్గొట్టింది నేను.

ఇంటికెళ్లి చెప్పేశాను. తలుపు దగ్గర నిలబడే చెప్పాను, కూర్చుంటే మాట రాదేమోనని.

మా ఆవిడ విని, "రెండో తాడు తెచ్చిన రోజే అనుకున్నా" అంది.

"మరి చెప్పలేదే?"

"చెబితే వినే మనిషైతే చెప్పేదాన్ని." తర్వాత గొంతు తగ్గించి అంది: "ఏవండీ, ఆ రెండో తాడున్న ఏడు రోజులూ నేను దాన్ని ఒక్కసారి కూడా నడిపించలేదు. పక్కన ఊరికే నడిచాను. మీరు నన్ను కూడా తాడుకి కట్టినట్టే ఉండింది నాకు."

క్షమించమని అడగడం నాకు చేతకాదు. కత్తెర తెచ్చి రెండో కొక్కెం కుట్లు విప్పేశాను. ఆవిడ చూస్తూ కూర్చుని, "పట్టీ కొయ్యకండి" అంది.

మిగిలిన పది రోజులూ ఆవిడ టీచరు, నేనూ పిడుగూ విద్యార్థులం. ముందు దొడ్లో బంతి విసిరి దాని ఒంట్లో హుషారంతా దించాలి. అది కూర్చున్నాకే తాడు తగిలించాలి. ఎగిరితే తాడు మళ్లీ మేకుకి తగిలించి మనం వెళ్లి కూర్చోవాలి. తలుపు దగ్గర ఆ ఆట ఒకరోజు పదిహేడుసార్లు సాగింది. లాగితే ఆగాలి. గుంజకూడదు, తిట్టకూడదు, "అబ్బా" అని కూడా అనకూడదు. నాకు ఆ మూడోది అన్నిటికంటే కష్టమైంది.

"మీకూ ముక్క పెట్టమంటారా?" అంది ఒకసారి, నేను రెండు నిమిషాలు నోరు మూసుకున్నందుకు.

నడవా దాటి మెట్లు, మెట్లు దాటి గేటు, గేటు దాటి మొదటి దీపస్తంభం. అక్కడికి చేరడానికే నాలుగు రోజులు పట్టింది. నా చేతిలో తాడు ఉన్నప్పుడు నా పిడికిలి దానంతటదే బిగుసుకునేది. "పట్టూ విడుపూ ఉండాలండీ, మీకు పట్టొక్కటే తెలుసు" అని ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పేది. ఎనిమిదో రోజు చేపల దుకాణం దాటాం. తొమ్మిదో రోజు మళ్లీ మొదటికొచ్చింది, ఎవరో పిల్లలు బంతి ఆడుతుంటే పిడుగు ఆవిణ్ణి రెండడుగులు లాగేసింది. ఆవిడ మొహం తెల్లబోయింది. ఇంటికొచ్చి కిటికీ కుర్చీలో కూలబడింది. నేను రొట్టె కోసి ఇచ్చాను, తినలేదు. ఆ రోజు నేను కూడా ఏమీ తినలేకపోయాను.

పదో రోజు పొద్దున్న నేను లేచేసరికి ఆవిడ అప్పటికే నడవాలో ఉంది. తాడు వదులుగా వేలాడుతోంది.

ఆదివారం మా అమ్మాయి చెప్పిన వేళకి వచ్చింది. పిడుగు కోసం ఒక పాత దుప్పటి కారు వెనక సీటులో పరిచి తెచ్చింది.

"నాన్నా, నువ్వు గేటు దాటకూడదు" అంది.

"నాకు తెలుసులే."

మా ఆవిడ బూట్లు వేసుకుంది, జేబులో ముక్కలు వేసుకుంది. పిడుగు కూర్చుంది. తాడు తగిలించింది. గేటు తీసి, మా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

దీపస్తంభం దాటింది. చేపల దుకాణం దాటింది. దుకాణం వాడు ఏదో అనబోయి, మా ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. పోస్టాఫీసు ఇంకో ఇరవై అడుగులుందనగా మెట్ల మీద కనపడింది. అదే పిల్లి. ఎండలో ఒళ్లు విరుచుకుంటోంది.

పిడుగు ముందుకి దూకింది. తాడు బిగిసింది.

"పట్టుకో!" అని అరవబోయాను. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుంది. అప్పుడు తను కిందికి చూసి, "నాన్నా, ఆ కాలేంటి?" అంది. చూసుకున్నాను. నా కుడి పాదం గేటు ముందు నేలని తొక్కుతోంది, అక్కడేదో పెడలున్నట్టు, బలంగా.

అక్కడ మా ఆవిడ ఆగింది. గుంజలేదు, పిలవలేదు. ఊరికే నిలబడింది, పాఠం మధ్యలో ఆపేసినట్టు. పిడుగు ముందుకాళ్లు గాలిలో లేపి లాగింది. ఆవిడ కదల్లేదు. పిల్లి కాలు నాక్కుంటోంది. ఎంతసేపో నాకు తెలీదు. తర్వాత పిడుగు నాలుగు కాళ్ల మీద నిలబడింది. పిల్లిని చూసింది. ఆ వాలిన చెవి ఒక్కసారి కదిలింది. వెనక్కి తిరిగి, టీచరెందుకు ఆగిందా అని మా ఆవిడ మొహంలోకి చూసింది. నడుచుకుంటూ వచ్చి మోకాలి పక్కన నిలబడింది.

తాడు వదులైంది. ఆవిడ వంగి ముక్క పెట్టింది.

మా అమ్మాయి నా చొక్కా వదిలి కళ్లు తుడుచుకుంది. "ఇంక వెనక్కి తిరగాలి" అంది.

ఆవిడ తిరగలేదు. పిల్లిని దాటుకుని, పోస్టాఫీసు మెట్లు దాటుకుని, మలుపు దాకా వెళ్లింది. మలుపు తిరిగింది. ఇద్దరూ కనపడకుండా పోయారు.

"ఎక్కడికి?" అంది మా అమ్మాయి కంగారుగా. "నేను వెళ్లి చూస్తానుండు."

ఈసారి నేను తన చెయ్యి పట్టుకున్నాను. "రొట్టెలకి" అన్నాను.

గంటన్నర నిలబడ్డాం ఆ గేటు దగ్గర. మా అమ్మాయి రెండుసార్లు కూర్చుంది, నేను కూర్చోలేదు. మలుపులో ముందు ఆ నిలబడిన చెవి కనపడింది, తర్వాత వాలిన చెవి, తర్వాత చంకలో రొట్టె పొట్లంతో మా ఆవిడ. బాగా నవ్వి వచ్చినట్టు మొహమంతా ఎర్రగా ఉంది. తాడు రెండు వేళ్ల మధ్య వేలాడుతోంది.

మా అమ్మాయి కారు తలుపు తీసి, వెనక సీటులో దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది. ముప్పై రెండేళ్లుగా అందరినీ అడిగే మాటే అడిగాను.

"ఏమైంది?"

మా ఆవిడ రొట్టె పొట్లం నా చేతిలో పెట్టింది.

"ఏమీ కాలేదండీ" అంది.